ఫ్రెట్టే దుప్పట్లకు అంత రేటు దేనికి?

"ఫ్రెట్టే కంపెనీ దుప్పట్ల సెట్లు కొన్ని లక్ష రూపాయలు దాటుతున్నాయి, అది థ్రెడ్ కౌంట్ (గుడ్డలో పోగుల లెక్క) మహిమేనా, పేరుకేనా?" అని అడిగారు. దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్ లినెన్ రూమ్‌లో కొన్నేళ్లు పనిచేశాను కాబట్టి చెప్తున్నా: పేరుకు చాలానే కడతారు, థ్రెడ్ కౌంట్‌కు మాత్రం కాదు.

ఇటలీ కంపెనీగానే అందరికీ తెలుసు కానీ, ఫ్రెట్టే పుట్టింది ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, 1860లో. తర్వాత కొన్నేళ్లకే మిలాన్ దగ్గర మోంజా వైపు మారింది. ఆ రోజుల్లో అక్కడ పెళ్లికూతురి సారెలో పేరు అక్షరాలు కుట్టిన దుప్పట్లు ఉండాల్సిందే, అంటే గిరాకీకి లోటు లేదు. 1881లో ఇటలీ రాజకుటుంబానికి సరఫరా చేసే హోదా దక్కింది. ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ రైల్లో పడకల మీదా వీళ్ల గుడ్డే. ఆ తర్వాత పెద్ద హోటళ్లు. నా లెక్కలో రాజుల కంటే హోటలే గట్టి పరీక్ష, ఎందుకంటే అక్కడ దుప్పటికి రోజూ వేడినీళ్ల ఉతుకు, ఆపైన రోలర్ ఇస్త్రీ తప్పవు.

ఉతికొచ్చిన దుప్పటిని లైటుకు అడ్డంగా పట్టి చూసేవాళ్లం. పొట్టి పింజ (పొట్టి నార) పత్తిదైతే కాళ్లు రాసుకునే చోట నూగు లేచి చిన్న చిన్న ఉండలు కడుతుంది, మధ్యలో పలచబడుతుంది. పొడుగు పింజ పత్తిదైతే ఉతికేకొద్దీ మెత్తబడుతుందే తప్ప చివకదు. ఖరీదైన వాటి అంచున పోగులు లాగి కుట్టిన రెండు వరసల జాలీ ఉంటుంది, ముట్టుకుంటేనే తేడా తెలుస్తుంది. నా కళ్లు మాత్రం ముందు మూలల దగ్గర కుట్టు మీదే పడేవి. చిరుగు మొదలయ్యేది అక్కడే.

ఇక థ్రెడ్ కౌంట్ అంటే చదరపు అంగుళంలో పడుగు (నిలువు), పేక (అడ్డం) పోగుల మొత్తం. రెండు మూడు సన్న పోగులు పురిపెట్టి, వాటిని విడివిడిగా లెక్కేసి "1000" అని అమ్మేవాళ్లున్నారు. 300, 400 మధ్య ఒంటి పోగు నేత చాలు.

ఇంటికైతే నేను ఆ బ్రాండ్ కొనను. మన ఎండలకు శాటిన్ మెరుపు కంటే పర్‌కేల్, అంటే సాదా నేత, చల్లగా ఉంటుంది. లేబుల్ మీద పొడుగు పింజ పత్తి, సింగిల్ ప్లై (ఒంటి పోగు) అని ఉందో లేదో చూసుకోండి. ఉతికేటప్పుడు సాఫ్ట్‌నర్ మాత్రం వేయకండి, చెమట పీల్చడం తగ్గిపోతుంది.