రైస్ మిల్లు ప్రమాదం: రాజీ కాగితం రాసిచ్చిన ఓనర్ డబ్బు ఇవ్వకపోతే?

మీ తమ్ముడికి 2025 మార్చిలో రైస్ మిల్లులో మూడు వేళ్లు పోయాయి, 3 లక్షలకు స్టాంప్ పేపర్ మీద రాజీ రాసిన ఓనర్ లక్ష ఇచ్చి మొహం చాటేశాడు, మిగతాది ఎలా రాబట్టాలి అని అడిగారు. నా మాట వినండి, ఆ 2 లక్షల కోసం అతని చుట్టూ తిరగకండి. చట్టప్రకారం రావాల్సిన మొత్తం అడగండి.

మా బావగారి చెయ్యి కంకర క్రషర్ బెల్టులో పడ్డప్పుడు మాకూ ఇదే జరిగింది. పెద్దమనుషులు కూర్చోబెట్టి, "ఇకపై ఎలాంటి క్లెయిమూ చేయను" అని చివర్లో ఒక ముక్క రాయించారు. అది చదివి మా అక్క, ఇక దారులన్నీ మూసుకుపోయాయని ఏడ్చింది. నిజానికి ఆ ముక్కకు విలువే లేదు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం సెక్షన్ 17 ప్రకారం, హక్కుగా రావాల్సిన పరిహారాన్ని వదులుకుంటూ, తగ్గించుకుంటూ రాసిన ఒప్పందం చెల్లదు.

రాజీకి బలం రావాలంటే సెక్షన్ 28 కింద ఓనరే దాని మెమోరాండం (రాజీ వివరాల పత్రం) కమిషనర్‌కు పంపాలి. మన రెండు రాష్ట్రాల్లో కమిషనర్ అంటే కార్మిక శాఖ అధికారే. ఆయన ఇద్దరికీ నోటీసు ఇచ్చి, కనీసం ఏడు రోజులు ఆగి, రాజీ నిజమైనదని నమ్మకం కుదిరాకే రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. సొమ్ము మరీ తక్కువైనా, మోసం చేసి సంతకం పెట్టించినా తిరస్కరించవచ్చు. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన ఈ పని అయినట్టు కాదు.

ఓనర్ పంపలేదా? అప్పుడు సెక్షన్ 29 మీవైపు ఉంటుంది. అతను పూర్తి పరిహారం కట్టాల్సిందే. పైగా, కమిషనర్ వేరుగా చెబితే తప్ప, ఇప్పటికే ఇచ్చిన లక్షలో సగానికి మించి మినహాయించుకోలేడు. మా కేసులో క్రషర్ ఓనర్ స్వరం మారింది ఈ సెక్షన్ విన్నాకే.

పూర్తి పరిహారం ఎంతో లెక్క వేసి చూడండి. ఒక చేతికి మూడు వేళ్లు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని ఆ చట్టం చివర ఉన్న షెడ్యూల్‌లోనే (పట్టికలోనే) ఉంది. మీ తమ్ముడి వయసు 30, జీతం 15,000 (లెక్కకు తీసుకునే గరిష్ఠం ఇదే) అనుకుందాం. అందులో 60 శాతం, అంటే 9,000ను ఆ వయసుకు చట్టంలోనే ఇచ్చిన ఫ్యాక్టర్ 207.98తో గుణించి, 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా పెనాల్టీ కూడా వేయవచ్చు. 3 లక్షల రాజీలో మీకు ఎంత అన్యాయం జరిగిందో చూశారా!

కాగితాల విషయానికొస్తే, మా బావగారికి జీతం స్లిప్పులు లేవు. మేస్త్రీ దగ్గరి హాజరు పుస్తకం, ఫోన్‌పేలో వారం వారం పడిన కూలి డబ్బులు, ఆసుపత్రి డిశ్చార్జ్ సమ్మరీ పెట్టాం. కూలీ మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి అని ఓనర్ వాదించాడు. కాంట్రాక్టర్ పెట్టిన కూలీకైనా పని చేయించుకున్న ఓనరే కట్టాలనే సెక్షన్ 12 ముందు అది నిలబడలేదు. మీరైతే ఆ స్టాంప్ పేపర్ కూడా తప్పకుండా జతచేయండి. ప్రమాదం తన మిల్లులోనే జరిగిందని ఓనర్ స్వయంగా ఒప్పుకున్న రుజువు అది.

ఆర్డర్ వచ్చాక కూడా కట్టకపోతే సెక్షన్ 31 కింద భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు.

మిల్లుకు ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉండి మీ తమ్ముడు అందులో ఉంటే మాత్రం దారి వేరు, ఈఎస్ఐ ఆఫీసుకే వెళ్లాలి. ఈ 1923 చట్టం స్థానంలో 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది కానీ, మీ ప్రమాదం అంతకు ముందుది కాబట్టి పాత చట్టం లెక్కనే అడగండి. క్లెయిమ్ వేయడానికి గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు. ఓనర్ "వచ్చే నెల, పై నెల" అంటూ నానబెట్టేది ఈ గడువు దాటించడానికే కావచ్చు. ఈ వారమే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి.