బాణానికి ఎంత పెట్టాలి, బావూ?

నరసన్నపేట నుంచి అమెరికాలోని మిషిగన్ వచ్చి, లాన్సింగ్‌లో ఉద్యోగంలో చేరిన తమ్ముడు అడిగాడు: ఆఫీసులో వాళ్ళతో కలిసి విల్లంబులతో జింకల వేటకు వెళ్దామనుకుంటున్నాను, విల్లుకే బోలెడు అయిపోయింది, కార్బన్ బాణాలు చవగ్గా ఏవి కొనాలి అని.

బావూ, చవక అన్న మాటను 2010లో నేను నీకంటే గట్టిగా పట్టుకున్నాను. మాది పొందూరు పక్క పల్లె. మా అమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, నూలు వడికి ఇల్లు నడిపింది. మిషిగన్ వచ్చిన కొత్తలో ఏది కొన్నా మనసు డాలరును 45 పెట్టి గుణించేసేది. ఆ లెక్కలోనే లాగడానికి 65 పౌండ్ల బలం పట్టే కాంపౌండ్ విల్లు (కొసల్లో కప్పీలుండేది) ఒకటి పాతది కొని, ఆన్‌లైన్‌లో అన్నిటికంటే తక్కువకు దొరికిన డజను బాణాలు తెప్పించాను. 60 డాలర్లు, అంటే 2,700 రూపాయలు. పెట్టె మీద 500 అని ఉంది. 400, 340 అని రాసినవి కూడా కనిపించాయి గానీ, అంకె పెద్దదైతే బాణం గట్టిదనుకున్నాను.

అది తలకిందులు. ఆ అంకెను స్పైన్ అంటారు. బాణం కాడను 28 అంగుళాల ఎడంలో రెండు ఆనుల మీద ఉంచి, నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు వంగుతుందో అదే ఆ అంకె. 500 అంటే అర అంగుళం వంగేది. 340 దానికంటే గట్టిది. నా విల్లు తోపుకు ఆ మెత్తటి బాణాలు తట్టుకోలేక, నీళ్ళలో పాములా తోక ఆడించుకుంటూ పోయేవి. 20 గజాల దూరంలో పెట్టిన టార్గెట్ పక్కనుంచి గడ్డిలోకి దూరిపోయేవి. చీకటి పడేదాకా మోకాళ్ళ మీద పాకుతూ వెతికేవాణ్ణి. రెండు వారాల్లో తొమ్మిది పోయాయి. ఆ నెల అమ్మకు పంపాల్సిన డబ్బులో కోత పడింది. అది ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

పోయింది మిగుల్చుకుందామని ఈసారి తయారు బాణాలు కాకుండా ఉత్త కాడలు కొని, ఇంట్లో హేక్సా బ్లేడుతో కోశాను. అంచు పీచులు పీచులుగా లేచింది. ముల్లు బిగించడానికి కాడ కొసలో దూర్చే ఇన్సర్ట్ తిన్నగా కూర్చోలేదు. ఆ పొడి పీల్చకూడదని కూడా అప్పుడు తెలీదు. ఆరు కాడలూ చెత్తబుట్ట పాలయ్యాయి. విల్లంబుల దుకాణంలో కొంటే నువ్వు విల్లు లాగినప్పుడు ఎంత పొడవు కావాలో కొలిచి, అక్కడే మిషను మీద కోసి ఇస్తారు. ఇంటర్నెట్‌లో నాలుగు డాలర్లు తక్కువని ఆశపడకు.

నీది 60 పౌండ్ల విల్లు, బాణం 29 అంగుళాలు, ముల్లు 100 గ్రెయిన్లు (గ్రాములో సుమారు పదిహేనో వంతు ఒక గ్రెయిన్) అనుకుందాం. చాలావరకు 400 స్పైన్ సరిపోతుంది. 70కి పెంచితే 340 వైపు వెళ్ళాలి. కంపెనీ చార్టు ఒకసారి చూసుకో. కొత్తవాళ్ళ డబ్బంతా వృథాగా పోయేది కాడ ఎంత వంకర లేకుండా ఉందన్న దగ్గర. గోల్డ్ టిప్ కంపెనీ హంటర్ బాణాలు చూడు: .006 అంగుళాల తేడాతో ఒకటి, ఎక్స్‌టీ అని .003తో, ప్రో అని .001తో. పైకి వెళ్ళేకొద్దీ ధర. 25 గజాల్లో జింక మీద వేసే నీ చేతికి, నా చేతికి కూడా, ఆ తేడా తెలీదు. .006 తీసుకో. ఆరు చాలు, డజను వద్దు.

బరువు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. విల్లు లాగే బలంలో ఒక్కో పౌండుకు బాణం బరువు 5 గ్రెయిన్లకు తగ్గితే విల్లే పాడవుతుంది, జింకకైతే బాణం మొత్తం బరువు 400 గ్రెయిన్ల దాకా ఉండాలి. అంగుళానికి 9 గ్రెయిన్ల కాడ, 29 అంగుళాలకు 261. ముల్లు 100, ఇన్సర్టు, నాక్ (బాణం వెనక కొసన వింటినారికి తగిలించే గాడి ముక్క), వెనక రెక్కలు కలిపి మరో 40. అంతా కలిపితే 26 గ్రాములే. సాధనకు వాడే ముల్లూ, వేటకు వాడే బ్రాడ్‌హెడ్డూ (పదునైన బ్లేడ్లుండే ముల్లు) ఒకే బరువువి కొను. కాడల మీద మిగిలిన డబ్బు ఆ బ్రాడ్‌హెడ్ మీద పెట్టు. మొండి ముల్లుతో జంతువును గాయపరిచి వదిలేయడం పాపం.

వేసే ప్రతిసారీ ముందు బాణాన్ని రెండు కొసలా పట్టుకుని కాస్త వంచి, తిప్పుతూ చెవి దగ్గర పెట్టు. చిటపటమంటే విరిచి పారెయ్. ఆ తర్వాత దూదిపింజతో కాడ పొడవునా తుడువు. ఒకసారి నాక్ దగ్గర నా దూది పట్టుకుంది. కంటికి ఏమీ లేదు. వెలుతురులో తిప్పి చూస్తే వెంట్రుకంత చీలిక, దానికి అల్లుకుని తెల్లటి నూలు పోగు. అలాంటిది వింటినారి మీద పెడితే పగిలి పుల్లలు చేతిలోకి దిగుతాయి. ఇక్కడ ఆసుపత్రి బిల్లు ఎంతొస్తుందో నీకు ఇంకా తెలీదు. నేను పది డాలర్ల బాణాన్ని ఆ క్షణమే విరిచేశాను.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం కాబట్టి ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు, లైసెన్సుతోనే అని చెప్పు. ఇక్కడ 1960 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ సేఫ్టీ క్లాసు చేయాలి. విల్లు సీజను అక్టోబరు 1న మొదలవుతుంది. మిగతావి మిషిగన్ సహజ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో ఉంటాయి.

కొనేముందు నీ డ్రా వెయిట్ (విల్లు లాగే బలం), డ్రా లెంగ్త్ (లాగే పొడవు) రాసి పంపు. నా దగ్గర 400వి మూడు ఖాళీగా ఉన్నాయి. నీ విల్లుకు సరిపోతే వచ్చే శనివారం వచ్చి అవి వేసి చూసుకో, ఆ తర్వాతే పర్సు తియ్యి.