మేనరికం వల్లే పాపకి ఇలా అయిందా?

మీ పాపకి ఏడాదిన్నర దాకా వచ్చిన నాలుగు మాటలూ పోయాయనీ, ఎప్పుడు చూసినా చేతులు నలుపుకుంటోందనీ, మీది మేనరికం కాబట్టే ఇలా అయిందని ఇంట్లో అంటున్నారనీ రాశారు. ఇంకో బిడ్డని కనొచ్చా అని అడిగారు. పదేళ్ళ కిందట ఇవే మాటలు నేనూ పడ్డానమ్మా. మా ఆయన నాకు మేనబావ.

మా పాప పదిహేనో నెలలో పళ్ళెంలో మరమరాలు ఒక్కొక్కటే ఏరుకుని తినేది. రెండు మూడు నెలలు తిరిగేసరికి వాటి వైపు చూస్తుంది గానీ చెయ్యి వెళ్ళదు. రెండు చేతులూ గుండె దగ్గరకి తెచ్చుకుని, సబ్బు రుద్దుకుంటున్నట్టు ఒకటే పిసుకుడు. వేళ్ళ కణుపుల దగ్గర తోలు ఊడి ఎర్రగా అయ్యేది.

ముందు ఆటిజం అన్నారు. ఒక ఆసుపత్రిలో క్రోమోజోముల పరీక్ష చేసి అంతా నార్మల్ అంటే నమ్మి ఏడాది పోగొట్టుకున్నాం. ఆ పరీక్షలో క్రోమోజోముల లెక్క, ఆకారం తెలుస్తాయి తప్ప జన్యువు లోపలి చిన్న మార్పు కనిపించదు. చివరికి ఎంఈసీపీ2 అనే జన్యువు చూస్తే రెట్ సిండ్రోమ్ అని తేలింది, అంటే వచ్చిన మాటలూ చేతుల పనీ పోయేలా చేసే, మెదడుకి సంబంధించిన జన్యు జబ్బు. వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే డాక్టర్ 1966లోనే దీని గురించి రాశారు. కారణమైన జన్యువు మాత్రం 1999లో అమెరికాలో హుదా జోఘ్బీ అనే పరిశోధకురాలి బృందానికి దొరికింది.

ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. ఆడపిల్లకి ఎక్స్‌లు రెండు, కానీ ఒక్కో కణంలో ఒక్కటే పనిచేస్తుంది. కొన్ని కణాల్లో మంచిది, కొన్నిట్లో చెడ్డది. అందుకే ఒకే మార్పు ఉన్న ఇద్దరు పిల్లలు కూడా ఒకేలా ఉండరు. ఈ మార్పు దాదాపు ఎప్పుడూ కొత్తగా వచ్చేదే, అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణం తయారయ్యేటప్పుడు. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. ఈ మాట జెనెటిక్స్ డాక్టరమ్మ మా అత్తగారి ముందే చెప్పింది. ఆ రాత్రి ఆవిడే వచ్చి పాప కాళ్ళకి మేజోళ్ళు తొడిగింది. మే నెల ఎండల్లో కూడా మా పాప పాదాలు చల్లగానే ఉంటాయి.

మీ పాపది రెట్టే అని నేను అనను. మేనరికంలో ఎక్కువగా వచ్చే జబ్బులు వేరే ఉన్నాయి. తల్లిదండ్రులిద్దరిలో ఒకే లోపం దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. రెట్‌లో, తల్లికి ఆ మార్పు లేకపోతే, నూటికి ఒకటి కన్నా తక్కువ. అంచేత పాప రిపోర్టు రాకుండా రెండో కాన్పు గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. జన్యువుని అక్షరం అక్షరం చదివే సీక్వెన్సింగ్ పరీక్షలో ఏమీ దొరక్కపోతే ఎంఎల్‌పీఏ అనే పరీక్ష కూడా అడగండి, జన్యువులో పెద్ద ముక్కే ఎగిరిపోతే అందులో బయటపడుతుంది. మార్పు ఏదో తెలిశాక, తర్వాతి కాన్పులో 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి చూస్తారు. మేం అలాగే చూపించుకున్నాం. బాబుకి ఇప్పుడు ఆరేళ్ళు.

ఇంకొకటి, పాపతో మాట్లాడటం మానకండి. మా అమ్మాయికి పెరుగు కావాలంటే గిన్నె వైపు చూసి, నా మొహం వైపు చూస్తుంది. ఆ చూపు రావడానికి ఒక్కోసారి అర నిమిషం పడుతుంది, ఆగాలి.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు చేతులు నలుపుకుంటున్న వీడియో ఒకటి, మాటలున్నప్పటిది ఒకటి ఫోన్లో పెట్టుకెళ్ళండి. మా పాప "తాతా" అని పిలుస్తున్న పదకొండు సెకన్ల వీడియో చూశాకే ఆ డాక్టరమ్మ, ఇది ఆటిజం కాకపోవచ్చు, జన్యు పరీక్ష చేద్దాం అంది.