చిన్న రైలుకి ఏ పనిముట్లు కావాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అల్లుడు డాలస్ నుంచి హెచ్‌ఓ స్కేలు (అసలు రైలులో 87వ వంతు) స్టార్టర్ సెట్ ఒకటి తెచ్చాడు. హాల్లో గుండ్రంగా పరిచి నడిపిస్తుంటే ఇంజిన్ ఒకవైపు బాగానే పోతోంది, మలుపు తిరిగి అవతలికి వెళ్లేసరికి నీరసపడి ఆగిపోతోంది. ఆన్‌లైన్‌లో 40 ముక్కల టూల్ కిట్ ఒకటి చూశాను, కొనమంటారా?
– ఒక రిటైర్డ్ మాస్టారు, హనుమకొండ

జవాబు: కొనకండి మాస్టారూ. ఆ కిట్‌లో మీకు అక్కరకొచ్చేవి నాలుగైదు ఉంటాయి, మిగతావి డబ్బాలో తుప్పు పడతాయి. మీ ఇంజిన్‌కి జబ్బేం లేదనే నా అనుమానం. పట్టాల మీద మురికి, లేకపోతే పట్టాలు కలిసే చోట వదులు, ఈ రెండింట్లో ఏదో ఒకటి అయ్యుంటుంది.

ముందుగా, మీకు కాదు గానీ అమెరికా నుంచి ఇలాంటి సెట్ తెప్పించుకునే మిగతావాళ్ల కోసం ఒక మాట. కరెంటు అడాప్టర్ వెనక లేబుల్ చదవండి. ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని ఉంటే పిన్ను మార్చుకుని మన ప్లగ్గులో పెట్టుకోవచ్చు. ఒట్టి 120 అని ఉంటే మాత్రం మన 230 వోల్టులకి అది కాలిపోతుంది. పిన్ను ఆకారం మార్చే ముక్క వోల్టేజీని తగ్గించదు, దానికి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, లేదా ఇక్కడి అడాప్టర్ కొనాలి.

ఇక మురికి సంగతి. పాత నూలు బనియన్ ముక్క, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఉంటే చాలు. సెల్‌ఫోన్ రిపేరు షాపులవాళ్లు బోర్డులు తుడిచేది దీంతోనే, వాళ్లనడిగితే ఎక్కడ దొరికేదీ చెబుతారు. హైదరాబాద్ వస్తే కోఠీ గుజరాతీ గల్లీలో, చెన్నై వెళ్తే రిచీ స్ట్రీట్‌లో మీకు కావలసినవి చాలావరకు ఒకే వీధిలో దొరుకుతాయి. పట్టాలు తుడిచాక చక్రాలు తుడవాలి, దీనికో చిట్కా ఉంది: గుడ్డని ఆల్కహాల్‌లో తడిపి పట్టాల మీద అడ్డంగా పరచండి, ఇంజిన్ ముందు చక్రాలు గుడ్డ మీద, వెనక చక్రాలు ఒట్టి పట్టాల మీద ఉండేలా పెట్టి, చేత్తో కదలకుండా పట్టుకుని కొద్దిగా కరెంటివ్వండి. చక్రాలు అక్కడే తిరుగుతూ గుడ్డ మీద రెండు నల్లటి గీతలు గీస్తాయి. గుడ్డ జరుపుతూ గీతలు పడటం ఆగేదాకా చేసి, ఇంజిన్‌ని తిప్పిపెట్టి మళ్లీ చేయండి. ఉప్పు కాగితం మాత్రం వాడొద్దు, అది గీసిన సన్నటి గీతల్లోనే మళ్లీ మురికి చేరుతుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు అయితే పట్టాల దరిదాపులకి కూడా రానీయకండి, దాని నుంచి రాలిన తునకల్ని మోటార్‌లో ఉన్న అయస్కాంతం లోపలికి లాగేసుకుంటుంది.

తుడిచాక కూడా అవతలివైపు నీరసంగానే ఉంటే అప్పుడు మల్టీమీటర్ తీయాలి. మామూలుది చాలు. అయితే ఒక తిరకాసుంది, పట్టాల మీద ఏమీ లేకుండా కొలిస్తే అన్నిచోట్లా వోల్టేజీ సరిగానే కనిపిస్తుంది. భారం పడినప్పుడే లోపం బయటపడుతుంది. ఆటోమొబైల్ షాపులో 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి కొని రెండు వైర్లు తగిలించండి, కంట్రోలర్‌ని ఒకే చోట ఉంచి బల్బుని పట్టాల మీద అక్కడక్కడా ఆనించి చూడండి (ఇదంతా మామూలు డీసీ సెట్లకే, ఇంజిన్లకి డిజిటల్ సంకేతాలు పంపి నడిపే డీసీసీ సెట్ అయితే విడిగా రాయండి). ఏ ఫిష్‌ప్లేట్ (రెండు పట్టాల్ని కలిపే చిన్న రేకు) దాటగానే వెలుగు తగ్గిందో దొంగ అక్కడున్నట్టే. దాన్ని తీసి, నోసు ప్లేయర్‌తో కొంచెం బిగించి మళ్లీ తొడిగితే చాలాసార్లు సరిపోతుంది. అప్పటికీ కాకపోతే అవతలివైపు పట్టాలకి విడిగా రెండు వైర్లు టంకం పెట్టాలి, కింది ప్రశ్న చూడండి.

ప్రశ్న: ఫ్లెక్సిబుల్ ట్రాక్ కోసి, టంకం పెట్టి సొంతంగా లైను వేద్దామనుకుంటే ప్లాస్టిక్ స్లీపర్లు (పట్టాల కింది అడ్డపట్టీలు) కరిగిపోతున్నాయి. 10 వాట్ల ఐరన్ కొంటే మేలా?
– విజయవాడ

జవాబు: సరిగ్గా తిరగేసి ఆలోచిస్తున్నారు. ఐరన్‌లో శక్తి తక్కువైతే పట్టా వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆలోగా ఆ వేడంతా స్లీపర్లకి పాకుతుంది. హెచ్‌ఓ పట్టాకి 40 వాట్ల దగ్గర్లో ఉన్నది, మొన వెడల్పుగా ఉన్నది తీసుకుని, రెండు మూడు సెకన్లలో పని ముగించి చెయ్యి వెనక్కి తీయాలి. పట్టా బయటి పక్కన ఆకురాయితో కొద్దిగా రుద్ది, పట్టా మీద కాస్త, వైరు మీద కాస్త టంకం ముందే పూసుకుని, తర్వాత రెండూ ఆనించి వేడి తగిలించండి. అటూ ఇటూ తడి దూది పెడితే స్లీపర్లు బతుకుతాయి. ఫ్లక్స్ (టంకం బాగా అంటుకోవడానికి పూసేది) విషయంలో మాత్రం, రేకు పనివాళ్లు వాడే యాసిడ్ రకం వద్దు, కొన్నాళ్లకి కీళ్లని తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్ పనికి వాడే రోజిన్ రకం చాలు. మామూలు 60/40 టంకంలో సీసం ఉంటుంది కాబట్టి పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుని అప్పుడే టీ తాగండి.

కోయడానికి ఇంటి కటింగ్ ప్లేయర్ వాడితే పట్టా చివర నలిగిపోయి ఫిష్‌ప్లేట్ ఎక్కదు. డబ్బు పెట్టాల్సింది ఇక్కడే: పట్టాలకోసమే చేసిన నిప్పర్, జూరాన్ కంపెనీది లాంటిది. దాని చదును వైపు మీరు ఉంచుకునే ముక్క వైపు ఉండాలి. తెగిన ముక్క తూటాలా ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి. తర్వాత సన్నటి ఆకురాయితో చివర నున్న చేసి, పట్టా అడుగున కూడా ఒకసారి రుద్దండి, ఆ అడుగున మిగిలిన గరుకే ఫిష్‌ప్లేట్‌ని ఎక్కనివ్వదు.

ప్రశ్న: ఇంజిన్ కీచుమంటోంది. కొబ్బరినూనె వేయొచ్చా?
– అమలాపురం

జవాబు: కోనసీమ నుంచి ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం! వద్దండీ. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో ఎలా గడ్డకడుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు, గేర్లలోనూ అదే పని చేస్తుంది. ప్లాస్టిక్‌కి హాని చేయదని సీసా మీద రాసి ఉన్న పల్చటి నూనె కొనండి. గుండుసూది మొన నూనెలో ముంచితే మొనకి ఎంత అంటుకుంటుందో అంతే, ఇరుసు తిరిగే చోట ఒక్కసారి తాకించాలి. మోటార్ బ్రష్‌ల (మోటార్‌కి కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కల) మీద, చక్రాల అంచు మీద పడకూడదు.

విప్పడానికి వాచీ రిపేరువాళ్ల స్క్రూడ్రైవర్ల సెట్ చాలు గానీ మొన స్క్రూ గాడిలో గట్టిగా కూర్చోవాలి, వదులైంది వాడితే గాడి అరిగిపోయి ఆ స్క్రూ ఇక జన్మలో రాదు. ఇంజిన్‌ని వెల్లకిలా పెట్టడానికి పాత స్పాంజిలో గాడి కోసుకోండి. బ్రష్ స్ప్రింగులు తీసేటప్పుడు చేతులూ ఇంజినూ కలిపి పెద్ద పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తీయండి, ఎగిరినా కవర్లోనే పడుతుంది. విప్పే ప్రతి దశలో సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోవడం మరవొద్దు.

ప్రశ్న: ఐసీఎఫ్ (చెన్నైలోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) రకం బోగీ ఒకటి ప్లాస్టిక్ షీటుతో సొంతంగా కడుతున్నాను. పాయింట్ల దగ్గర (లైను రెండుగా చీలే చోట) పట్టాలు తప్పుతోంది. కొలతలు ఎలా సరిచూసుకోవాలి?
– లాలాగూడ, సికింద్రాబాద్

జవాబు: లోకో షెడ్ పక్కనే ఉండి బోగీ కడుతున్నారా, భేష్. హెచ్‌ఓ అంటే 1:87. ఐసీఎఫ్ బోగీ పొడవు 21,337 మిల్లీమీటర్లు, వెడల్పు 3,245. అంటే మీ బోగీ దాదాపు 245 మి.మీ. పొడవు, 37 మి.మీ. పైచిలుకు వెడల్పు రావాలి. దీనికి స్టీలు స్కేలు, డిజిటల్ కాలిపర్ రెండూ కావాలి. షీటుని కత్తితో పూర్తిగా కోయనక్కర్లేదు, స్కేలు ఆనించి రెండుసార్లు గీత గీసి వంచితే గీత వెంబడే విరుగుతుంది. కిటికీ అద్దాల దగ్గర ఫెవిక్విక్ వాడకండి, దాని ఆవిరికి తెల్లటి పొగ పడుతుంది. పోతే, మన బ్రాడ్‌గేజ్ 1,676 మి.మీ., 87తో భాగిస్తే 19.3 దాకా వస్తుంది, కానీ హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మాత్రమే. బోగీ కింద చక్రాలు కాస్త లోపలికి ఉన్నట్టు కనిపిస్తే అది మీ తప్పు కాదు.

పట్టాలు తప్పడానికి రెండు కారణాలు వెతకండి. ఒకటి, ఇరుసు మీద చక్రాల మధ్య ఎడం. అమెరికా మోడల్ రైల్‌రోడ్ సంఘం ఎన్‌ఎంఆర్‌ఏ వాళ్ల రేకు గేజ్ ఒకటి ఉంటుంది, చక్రాల్నీ పాయింట్లనీ దాంతోనే కొలవొచ్చు. నన్నడిగితే స్క్రూడ్రైవర్ కంటే ముందు కొనాల్సింది అదే. రెండోది, బరువు. అదే సంఘం సూచన ప్రకారం హెచ్‌ఓ బోగీకి 1 ఔన్సు, దానిమీద ప్రతి అంగుళం పొడవుకీ అర ఔన్సు ఉండాలి. మీ బోగీ తొమ్మిదిన్నర అంగుళాల పైమాటే, అంటే 165 గ్రాముల దగ్గర. ప్లాస్టిక్‌తో మాత్రమే కట్టింది అందులో సగం కూడా ఉండదు. వంటింటి త్రాసు మీద పెట్టి చూసి, తక్కువైనంత మేర స్టీలు వాషర్లు బోగీ లోపలి నేల మీదే, రెండు చివర్లా సమానంగా అంటించండి. పైకప్పుకి అంటిస్తే మలుపులో పడుకుంటుంది.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. వాడి చేతికి ఏవి ఇవ్వొచ్చు?
– ఒక అమ్మ, అనంతపురం

జవాబు: ట్వీజర్స్, చిన్న స్క్రూడ్రైవర్, తుడిచే గుడ్డ, ఆకురాయి ఇచ్చేయండమ్మా. మల్టీమీటర్ కూడా, కాకపోతే పట్టాల మీదే, గోడ ప్లగ్గులో కాదని గట్టిగా చెప్పి. పట్టాల మీదుండేది 12 వోల్టులు, దానికి భయపడక్కర్లేదు. కత్తి, సోల్డరింగ్ ఐరన్, ఆల్కహాల్ సీసా మీ బీరువాలో ఉండనివ్వండి, పక్కన మీరో వాళ్ల నాన్నో కూర్చున్నప్పుడే తీయండి.