పుస్తకాలు తగలబెట్టే నవల మన పిల్లలకి ఎక్కుతుందా? ఎక్కుతుంది, కానీ మీరనుకున్న చోట కాదు

మీ ప్రశ్న: "డిగ్రీ పిల్లలకి రే బ్రాడ్‌బరీ రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ చెబుదామనుకుంటున్నాను. పుస్తకం ఉంటే ఇల్లు తగలబెట్టే లోకం శ్రీకాకుళం, విజయనగరం పిల్లలకి మరీ దూరంగా అనిపించదా? ఎవరైనా చెప్పి చూశారా?"

నేను చెప్పాను. శ్రీకాకుళంలోనే, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లలకి, సిలబస్‌లో లేకపోయినా. ఆమదాలవలస, గార, పోలాకి వైపు నుంచి బస్సులెక్కి వచ్చే పిల్లలు. సగం మంది ఇంటర్‌ని విశాఖపట్నంలోనో విజయవాడలోనో ఏదో కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో చదివి, ఎంసెట్‌లో ర్యాంకు రాక, బీటెక్ ఫీజు కట్టలేక ఊరికి తిరిగొచ్చినవాళ్ళు. వాళ్ళకి ఈ నవల దూరమవుతుందేమోనని మీరు భయపడుతున్నారు. ఆ భయమే అక్కర్లేదు. వాళ్ళు అందులో రెండేళ్లు ఉండి వచ్చారు, బాబూ.

కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. అక్కడ ఫైర్‌మెన్ మంటలు ఆర్పరు, పెడతారు. ఎవరింట్లో పుస్తకాలున్నాయని ఫోనొస్తే వెళ్ళి కాల్చి వస్తారు. మాంటాగ్ అనే ఫైర్‌మన్ ఆ పని చేస్తూనే పుస్తకాలు దొంగచాటుగా తెచ్చి ఇంట్లో గాలి వచ్చే జాలీ వెనక దాస్తాడు. చివరికి ఫోన్ చేసి పట్టించేది ఇంకెవరో కాదు, అతని భార్య మిల్డ్రెడ్.

ఇప్పుడు మా క్లాసు సంగతి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పీరియడ్. ఫ్యాన్లు తిరుగుతున్నా పని లేదు, వెనక బెంచీలు సగం నిద్రలో ఉన్నాయి. నేను ఇంగ్లీషులో ఒక పేరా చదివి, తెలుగులో కథలా చెప్పుకుంటూ పోతున్నాను. నిరంకుశ ప్రభుత్వం, భావప్రకటనా స్వేచ్ఛ, ఇలాంటి మాటలు వచ్చినంతసేపూ మొహాల్లో కదలికే లేదు. ముసలావిడ తన పుస్తకాల మధ్య నిలబడి తనే అగ్గిపుల్ల గీసుకున్న చోట "అయ్యో" అన్నారు, అంతే. సినిమాలో అంతకంటే పెద్ద మంటలు చూశారు మరి. మిల్డ్రెడ్ ఫోన్ చేసిన దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండో వరసలో ఒకమ్మాయి ఉన్నట్టుండి, "మా ఫ్లోర్ ఇన్‌ఛార్జి మేడమ్ కూడా ఇలాగే మేడమ్" అంది.

ఏమిటని అడిగితే మొదలుపెట్టింది. ఇంటర్ హాస్టల్లో ఆదివారం పూట ట్రంకు పెట్టెలు తీయించి చెకింగ్ చేసేవారట. ఫోన్, చిరుతిళ్ళు, కథల పుస్తకాలు, మూడూ ఒకే కేసు. ఈ పిల్ల వాళ్ళ అమ్మ దగ్గరున్న పాత నవల ఒకటి తెచ్చుకుని, దానికి ఫిజిక్స్ మెటీరియల్ అట్ట వేసి, పైన సబ్జెక్టు పేరు కూడా నీటుగా రాసిపెట్టుకుంది. మొదటి పేజీలో వాళ్ళ అమ్మ పెళ్ళికాక ముందు ఇంటిపేరుతో చేసిన సంతకం ఉందట. దొరికింది. లాక్కున్నారు. "తర్వాత స్టడీ అవర్‌లో కుర్చీ వేసుకుని ఆవిడే చదివేసింది మేడమ్. వారం పట్టింది ఆవిడకి. చివర్లో హీరో ఏమయ్యాడో కూడా నాకు చెప్పేసింది."

క్లాసంతా ఒకటే నవ్వు. నేను ఆ నవ్వులోనే కెప్టెన్ బీటీని పట్టుకున్నాను. నవలలో ఫైర్‌మెన్ అందరికీ పెద్ద ఆయన. పుస్తకాలు కాల్చే ముఠా నాయకుడే అందరికంటే ఎక్కువ చదివినవాడు. మాంటాగ్‌తో వాదన పెట్టుకుంటే పుస్తకాల్లోంచి ముక్కకి ముక్క అప్పజెప్పగలడు. ఈ పాత్ర గురించి విమర్శకులు ఎంత రాశారో గానీ, ఫ్లోర్ ఇన్‌ఛార్జి దెబ్బకి మా పిల్లలకి ఒక్క నిమిషంలో అర్థమైపోయాడు.

అప్పుడు కిటికీ పక్కన కూర్చునే కుర్రాడు, మామూలుగా నోరు విప్పని రకం, "మా హాస్టల్లో నేనే సెప్పేవోణ్ణి మేడమ్" అన్నాడు.

ముందు జోకనుకున్నారు. కాదు. ఎవడి పెట్టెలో ఏముందో వార్డెన్‌కి చెప్పేవాడట. ఎందుకురా అంటే, ఇంటికి ఫోన్ వారానికి ఒకసారి, రెండు నిమిషాలు ఇచ్చేవారు. పేరు చెప్తే ఇంకో ఐదు నిమిషాలు. "రెండు నిమిషాల్లో మా అమ్మ ఏడుపే అవదు మేడమ్. నేనేటి మాటాడేది?" అని, వెంటనే, "మిల్డ్రెడ్‌ని ఊరికే తిడతన్నారు గానీ, ఆవిడకి ఆ గోడ టీవీలు తప్ప ఇంకేటుంది? మొగుడు ఎప్పుడైనా సరిగ్గా మాటాడాడా?" అన్నాడు.

ఇక చూడండి. ట్రంకు పెట్టె అమ్మాయి లేచి నిలబడింది. "నీ ఐదు నిమిషాల కోసం ఎవడి పుస్తకమో పోవాలా?" అంది. ఇతను "పుస్తకం పోతే మళ్ళీ కొనుక్కోవచ్చు" అన్నాడు. "మా అమ్మ సంతకం ఎక్కడ కొంటావు?" అందామె. మాటలు రణస్థలం దాకా వినిపించి ఉంటాయి. ఒకడు మిల్డ్రెడ్‌ది తప్పంటాడు, ఇంకొకడు మాంటాగ్ ముందే ఆవిడకి చెప్పి ఉండాల్సింది అంటాడు. మధ్యలో వెనక బెంచీ నుంచి, "అయితే మిల్డ్రెడ్‌కి కూడా ఫోన్ టైమ్ ఎక్స్‌ట్రా ఇచ్చుంటారు" అని ఒక గొంతు. పక్క గదిలో కామర్స్ చెప్పే సార్ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అంతా క్షేమమేనా?" అని అడిగి వెళ్ళారు.

నేను పుస్తకం తెరిచి, ఇల్లు తగలబడే ముందు మిల్డ్రెడ్ సూట్‌కేసు పట్టుకుని టాక్సీ ఎక్కే చోటు చదివి వినిపించాను. మొగుడి గురించి ఒక్క మాట అనదు. తన "కుటుంబం" పోయిందని గొణుక్కుంటూ పోతుంది. కుటుంబం అంటే ఆ గోడల మీద కనిపించే టీవీ మనుషులు. అది విని కిటికీ పక్క కుర్రాడు, "మరి నాకు కుటుంబం నిజంగానే ఉంది కదా మేడమ్" అన్నాడు. తన లెక్కలో అది మిల్డ్రెడ్ కంటే తనకి ఒక పాయింటు. నేనైతే ఇచ్చాను.

అందుకే అంటున్నాను, ఈ నవలని ప్రభుత్వం, సెన్సార్ అంటూ మొదలుపెట్టకండి. నా లెక్క ప్రకారం అది పక్కవాడి మీద చాడీ చెప్పే మనుషుల నవల. ప్రభుత్వం అందులో ఫైరింజన్ డ్రైవర్ మాత్రమే. రచయిత కూడా పెద్దవయసులో, 2007లో, ఇది ప్రభుత్వ సెన్సార్ గురించి రాసింది కాదు, టీవీ వల్ల పుస్తకాలు చదవాలన్న ఆసక్తి పోవడం గురించి రాసింది అన్నాడు. ఆయన టీవీ అన్నాడు, నేను మెటీరియల్ అంటాను.

మెటీరియల్ అన్న మాట వచ్చింది కాబట్టి నా కడుపుమంట కూడా వినండి. బీటీ ఒకచోట పుస్తకాలు ఎలా పోయాయో వివరిస్తాడు. ముందు పెద్ద గ్రంథాలని పదిహేను నిమిషాల రేడియో కార్యక్రమంగా కుదించారు, తర్వాత రెండు నిమిషాల్లో చదివేసే పత్రిక కాలమ్‌గా, ఆఖరికి నిఘంటువులో పది పన్నెండు లైన్లుగా. ఎవరూ నిషేధించకముందే జనం వాటితో సరిపెట్టుకున్నారు. అది చదువుతుంటే నాకు సెమిస్టర్ ముందు జిరాక్సు షాపుల దగ్గర క్యూ కనిపించింది. మన దగ్గర టెక్స్ట్‌బుక్ కొనేవాడు ఎవడు? గైడు కొంటారు. గైడు కూడా బరువైపోయి ఇంపార్టెంట్ క్వశ్చన్స్, అవి కూడా బరువైపోయి బిట్లు. నేను గురజాడ ‘కన్యాశుల్కం’ గురించి అడిగితే, "1897లో అచ్చయింది" అని టక్కున చెప్పిన కుర్రాడికి గిరీశం ఎవరో తెలీదు. విజయనగరం వాడే! గురజాడ వారి ఇంటి ముందు నుంచి బండి మీద వెళ్ళే మనిషి.

చివర్లో అడవిలో మనుషులు ఒక్కొక్కరు ఒక్కో పుస్తకాన్ని కంఠస్థం పట్టి, తామే ఆ పుస్తకమై తిరుగుతుంటారు కదా, అక్కడ పాఠాలు చెప్పేవాళ్ళంతా కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. మా వాళ్ళకి చీమ కుట్టినట్టు కూడా లేదు. "మేం ఇంటర్‌లో చేసింది అదే కదా మేడమ్? నేను జువాలజీ మొత్తం బట్టీ కొట్టాను. నన్ను జువాలజీ అని పిలవండి" అన్నాడు ఒకడు. సరే నాయనా జువాలజీ, ఒక పాఠం చెప్పు అన్నాను. రెండు లైన్లు చెప్పి ఆగిపోయాడు. పరీక్ష అయిన మర్నాడే పోయిందట. ఆ పేరు మాత్రం వాడికి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ప్రిన్సిపాల్ కూడా అలాగే పిలుస్తారు.

నిషేధం సంగతి చెప్పాలనుకుంటే మాత్రం అమెరికా దాకా వెళ్ళకండి, మన జిల్లాలోనే ఉంది. ‘మాకొద్దీ తెల్లదొరతనము’ రాసిన గరిమెళ్ల సత్యనారాయణ నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టినవారు. ఆ పాటకి తెల్లవాళ్ళు ఆయన్ని జైల్లో పెట్టారు. బయటికొచ్చి మళ్ళీ పాడితే మళ్ళీ పెట్టారు. అక్షరం రానివాళ్ళు కూడా నోటికి పాడేవారు కాబట్టి కాగితాలు పట్టుకున్నా లాభం లేకపోయింది. 1952లో మద్రాసులో దరిద్రంలోనే పోయారు. ఇది చెప్తే నరసన్నపేట పిల్ల ఒకతి, "మా ఊరి పక్కనే పుట్టేరా? మాకెవరూ సెప్పలేదేటి?" అని నా మీదే కోప్పడింది. న్యాయమైన కోపమే. అలాగే ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిన సంగతీ చెప్పండి. ఇవి విన్నాకే మా వాళ్ళు నవలలో మంటని కొంచెం సీరియస్‌గా తీసుకున్నారు.

ఇంకో సంగతి వాళ్ళకి బాగా నచ్చింది. ఈ నవలని దాని ప్రచురణకర్తలే 1967 నుంచి స్కూళ్ళ కోసం వేసిన ఎడిషన్‌లో రచయితకి చెప్పకుండా చోట్లచోట్ల కోసేశారు. తిట్లు, అలాంటివి. పుస్తకాలు తగలబెట్టడం గురించిన నవలనే సెన్సార్ చేశారన్నమాట. అది బయటపడింది ఎలా? చదివిన విద్యార్థులే ఆయనకి ఉత్తరాలు రాశారు. ఆయన మండిపడి 1979లో దాని గురించి ఒక వ్యాసమే రాశాడు, 75 చోట్ల కత్తిరించారని. స్కూలు పిల్లలు పట్టుకున్నారా అని మా జువాలజీకి ఎంత ఉత్సాహమో! ఆ వారం మా సిలబస్ పుస్తకంలో అచ్చుతప్పులన్నీ ఎర్ర పెన్నుతో గీసుకొచ్చాడు. యూనివర్సిటీకి రాద్దామంటాడు. రాయమన్నాను.

రచయిత కాలేజీ మొహం చూడలేదని, లైబ్రరీల్లోనే చదువుకున్నాడని, ఈ కథ మొదటి రూపాన్ని కూడా యూనివర్సిటీ లైబ్రరీ నేలమాళిగలో అరగంటకి పది సెంట్లు వేస్తే నడిచే అద్దె టైపు మిషన్ మీద కొట్టాడని, మొత్తం 9 డాలర్ల 80 సెంట్లు అయిందని చెప్పండి. డబ్బు లెక్కలు చెప్తే పిల్లలు వింటారు. నా అనుభవంలో ఇది ఎక్కడా తప్పలేదు. అక్కడినుంచి లైబ్రరీ మాట ఎత్తొచ్చు. ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను మనందరి దగ్గరా వసూలు చేస్తారు. మా వీధి చివర శాఖా గ్రంథాలయం మాత్రం కాలేజీ వదిలే టైముకి తాళం వేసుకుంటుంది. పోనీ ఉన్నదైనా చూస్తారా? కారా మాస్టారు, అంటే కథకుడు కాళీపట్నం రామారావు గారు, 1997లో ఇదే శ్రీకాకుళంలో కథల కోసమే కథానిలయం పెట్టారు. తెలుగు కథ మీద పనిచేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వెతుక్కుంటూ వస్తారు. మా క్లాసులో అడిగితే ఒక్క చెయ్యి లేచింది. ఆ అబ్బాయి కూడా దాని పక్క సందులో రూముకి అద్దె ఉంటున్నాడు కాబట్టి తెలుసంతే.

మీరు చెప్పేటప్పుడు మొత్తం చదివించాలని పట్టుబట్టకండి, ఇంగ్లీషు కొంచెం కవిత్వంలా మెలికలు తిరుగుతుంది. మిల్డ్రెడ్ చెవుల్లో ఎప్పుడూ పెట్టుకుని ఉండే బుల్లి రేడియోల దగ్గర మొదలుపెట్టండి. 1953 నాటి పుస్తకం అని చివర్లో చెప్పండి, ఇయర్‌బడ్స్ వాటంతట అవే బయటికొస్తాయి. తర్వాత బీటీ ఉపన్యాసం, తర్వాత ఫోన్ చేసిన రాత్రి. ఇవి చాలు. మొదటి రోజే ఒకడు "ఇది ఎగ్జామ్‌కి వస్తుందా?" అని అడుగుతాడు. రాదని చెప్పేయండి. నాలుగు రోజులయ్యాక వాడే సమ్మరీ పీడీఎఫ్ ఉందా అని వాట్సాప్‌లో అడుగుతాడు. పంపకండి.