నాయన పొట్ట మీద సంచి ఇక తీసేయరని ఎలా చెప్పేది?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. మా నాయనకు 62 ఏళ్లు. పురీషనాళంలో, అంటే పెద్దపేగు చివరి భాగంలో, క్యాన్సర్ అని చెన్నైలో ఆపరేషన్ చేశారు. మలద్వారం కూడా తీసేసి, మలం పడేందుకు పొట్ట మీద ఎడమవైపు సంచి పెట్టారు. ఇప్పుడు కీమో నడుస్తోంది. సంచి శాశ్వతమని డాక్టర్లు మాతో చెప్పారు. ఆయనకు మాత్రం మూడు నెలల్లో తీసేస్తారని చెప్పాం. సంచి కారుతోందని గడప దాటడం లేదు. నిండిపోతుందని అన్నం సగానికి తగ్గించేశారు. చల్లటి నీళ్లు తాగితే గొంతు పట్టేస్తోందంటున్నారు. ఈ జబ్బు మాకూ వస్తుందా?
- ఒక కూతురు

జవాబు: అమ్మా, మీరు రాసినవాటిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అన్నం సంగతి. తినకపోతే సంచి నిండదనుకోవడం పొరపాటు. ఖాళీ కడుపుకి గ్యాస్ పెరిగి సంచి ఇంకా ఉబ్బుతుంది. పైగా కీమో మధ్యలో బరువు తగ్గితే మందు తట్టుకోలేరు, డోసు వాయిదా వేయాల్సి వస్తుంది. ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా ఐదారు సార్లు పెట్టండి. మెత్తటి అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, కారం తగ్గించిన చేపల పులుసు అన్నీ తినొచ్చు. గుడ్డు, చేపలతో సంచిలో వాసన పెరుగుతుందని కొందరు మానేస్తారు. బయటికి వెళ్లే ముందు పూట మానితే చాలు, మిగతా రోజుల్లో ఆయనకు ఆ మాంసకృత్తులు కావాలి.

ఇక సంచి కారడం. ఆపరేషన్ కొత్తలో స్టోమా, అంటే పొట్ట మీదికి తెచ్చిన పేగు కొస, వాచి ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ఆ వాపు తీసి చిన్నదవుతుంది. చాలా ఇళ్లలో మాత్రం ఆసుపత్రిలో ఇచ్చిన పాత కొలతకే ప్లేటుకి, అంటే సంచిని చర్మానికి అంటించే బిళ్లకి, రంధ్రం కత్తిరిస్తుంటారు. అప్పుడు చుట్టూ ఖాళీ మిగిలి, మలం చర్మానికి తగిలి ఒరుస్తుంది, గమ్ ఊడుతుంది. ఇవాళే మళ్లీ కొలవండి. స్టోమా చుట్టూ రెండు మూడు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, పూర్తిగా ఆరాక ప్లేటు అంటించి, అరచేతిని కాసేపు దాని మీదే ఉంచండి. ఆ వెచ్చదనానికి గమ్ బాగా పట్టుకుంటుంది. కొబ్బరినూనె, ముఖానికి రాసే పౌడరు, డెటాల్ అక్కడ వాడొద్దు. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయాలి. ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మార్చాలి. మన ఎండలకి చెమట పట్టి ముందే వదులైతే ఆగకుండా మార్చేయండి.

స్టోమా నోటి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉండాలి. తాకితే నొప్పి ఉండదు. తుడిచేటప్పుడు ఒకటి రెండు చుక్కల రక్తం కనిపిస్తే భయం లేదు. అది నల్లబడినా, గ్యాస్ కూడా రాకుండా పొట్ట ఉబ్బి వాంతులవుతున్నా ఆలస్యం చేయొద్దు. కీమోలో ఉన్నారు కాబట్టి జ్వరం 100.4 డిగ్రీలు దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. అర్ధరాత్రయినా దగ్గర్లోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

ఆయనకు నిజం చెప్పాలి. మీరు ప్రేమతోనే దాచారు, నాకు తెలుసు. కానీ ఇంకో మూడు నెలలే కదా అనుకునే మనిషి సంచి మార్చడం నేర్చుకోడు, బయటికి రాడు, ఆ రోజు కోసం కూర్చుని ఉంటాడు. గడువు దాటాక మీరు చెప్పే ఏ మాటా నమ్మడు. ఈసారి కీమోకి వెళ్లినప్పుడు సర్జన్‌తోనే చెప్పించండి, మీరు పక్కన కూర్చోండి. 'జబ్బు మలద్వారం దాకా వచ్చింది, అందుకే అది తీసేయాల్సి వచ్చింది నాయనా, ఇకమీదట ఇదే దారి' అంటే చాలు. ఒక్కసారిగా కోపం రావచ్చు, ఏడవచ్చు. వెంటనే ధైర్యం చెప్పేయకుండా ఆయన్ని మాట్లాడనివ్వండి. తర్వాత అద్దం ముందు నిలబడి సంచి ఆయనే మార్చుకోవడం మొదలుపెట్టాలి. ఇప్పటికీ మోషన్ వస్తున్నట్టు అనిపిస్తోందని ఆయన చెబితే కంగారు పడొద్దు, మలద్వారం తీసేసినవాళ్లలో అది మామూలే. గాయం మానాక స్నానం, పొలం, బస్సు ప్రయాణం అన్నీ చేయొచ్చు. బరువులు మాత్రం ఎత్తకూడదు, స్టోమా పక్కన హెర్నియా, అంటే పేగు కండరాల్లోంచి బయటికి ఉబ్బడం, రావచ్చు.

గొంతు పట్టేయడం ఆక్సాలిప్లాటిన్ అని నరంలోకి ఎక్కించే కీమో మందు వల్ల కావచ్చు. మందు ఎక్కించాక కొన్ని రోజులు ఫ్రిజ్ నీళ్లు, ఐస్, కూల్‌డ్రింక్ వద్దు. వేళ్ల తిమ్మిరి తర్వాతి కీమో దాకా తగ్గకపోయినా, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయినా డాక్టర్‌కి తప్పక చెప్పండి, డోసు మారుస్తారు.

మీ విషయానికొస్తే, తండ్రికి వచ్చినంత మాత్రాన మీకు వస్తుందని కాదు, అవకాశం మాత్రం మిగతావాళ్లకంటే ఎక్కువ. మీరూ మీ తోబుట్టువులూ 40 ఏళ్లు నిండగానే కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోండి. కుటుంబంలో ఇంకెవరికైనా చిన్న వయసులో ఈ జబ్బు వచ్చి ఉంటే డాక్టర్‌కి ఆ మాట చెప్పండి, పరీక్ష ఇంకా ముందే అవసరం కావచ్చు. ఈలోపు మలంలో రక్తం కనిపిస్తే మొలలే అనుకుని నాటుమందుకి వెళ్లకుండా, వయసుతో పని లేకుండా చూపించుకోండి.