మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే ‘వేడి చేసింది’ అనుకోకండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. అనంతపురం ఊరి బయట వెంచర్‌లో ఇల్లు కట్టుకున్నాం. ప్రహరీ మూడు వైపులే అయింది. నాలుగో వైపు 60 అడుగులు చెక్కదడి వేద్దామని నేనూ మా బావమరిదీ సొంతంగా మొదలుపెట్టాం. 9 గుంజలకు రెండేసి అడుగుల గుంతలు తీయాలి. కింద అంతా గరుసు, గడ్డపార దిగడం లేదు. వారం నుంచి పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 2 దాకా చేస్తే 6 గుంతలయ్యాయి. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తున్నాయి, నడుం నొప్పి. మెడికల్ షాపులో ఇచ్చిన డైక్లోఫెనాక్ మాత్ర రెండు పూటలా వేసుకుంటున్నా. మొన్న ఆర్ఎంపీ దగ్గర నొప్పి సూది కూడా వేయించుకున్నా. మా బావమరిదికీ అవే మాత్రలు ఇస్తున్నా. నాకు ఆరేళ్లుగా బీపీ. టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నా. వేడి చేసి రెండు రోజులుగా మూత్రం డికాషన్ రంగులో, కొంచెమే వస్తోంది. సబ్జా నీళ్లు తాగుతున్నా. ఐదు రోజుల కిందట అరచేతిలో చెక్కపేడు గుచ్చుకుంది, కొద్దిగా వాచింది. నా సందేహం ఏమిటంటే, చెదలు పట్టకుండా గుంజలకు కాలిన ఇంజిన్ ఆయిల్ పూయమంటున్నారు. ఇంట్లో నాలుగేళ్ల మనవరాలు ఉంది. పాపకు ఏమైనా హాని ఉంటుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇంజిన్ ఆయిల్ సంగతి చివర్లో చెప్తాను. ఓపీ మధ్యలో దొరికిన కాస్త టైములో మీ ఉత్తరం చదివాను. మూత్రం డికాషన్ రంగులో కొంచెమే వస్తోందని మీరు తేలిగ్గా రాసేసిన దగ్గర ఆగిపోయాను. ఇది చదవగానే దడి పని ఆపేయండి. ఈ రోజే ఒక ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. ఆదివారమైనా, రాత్రయినా సరే, అనంతపురం సర్వజన ఆసుపత్రి క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పేది), మామూలు మూత్ర పరీక్ష చేయించండి. మిమ్మల్ని చూడకుండా ఫలానా జబ్బని నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. మీ కిడ్నీలు బాగానే ఉండొచ్చు. అది తేలాల్సింది మాత్రం రక్త పరీక్షలోనే, సబ్జా నీళ్లతో కాదు.

ఎందుకింత కంగారు పెడుతున్నానో చెప్తాను. కిడ్నీని ఒక చెరువనుకోండి. నీళ్లు తెచ్చే కాలువ ఒకటి, బయటికి వదిలే తూము ఒకటి. చెరువులో మట్టం నిలిస్తేనే వడపోత జరుగుతుంది. ఎండలో ఐదు గంటలు గడ్డపార వేస్తే చెమట రూపంలో లీటర్ల కొద్దీ నీరు పోతుంది, కాలువలో పారకం తగ్గుతుంది. అలాంటప్పుడు శరీరం ఆ కాలువను తెరిచి ఉంచడానికి ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనాల మీద ఆధారపడుతుంది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు సరిగ్గా వాటినే అడ్డుకుంటాయి. కాలువ ఇరుకైపోతుంది. టెల్మిసార్టాన్ తూమును వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది మీ కిడ్నీకి, బీపీకి మేలే. కాలువ ఎండినప్పుడు మాత్రం మిగిలిన మట్టం కూడా పడిపోతుంది. మీ మాత్రలో ఉన్న రెండో మందు హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోంచి ఉప్పునూ నీటినీ ఇంకా బయటికి పంపుతుంది. ఈ మూడూ విడివిడిగా మంచి మందులే. ఎండ దెబ్బ తిన్న ఒంట్లో మూడూ ఒకేసారి పడితే కిడ్నీ రెండు మూడు రోజుల్లో చతికిలబడొచ్చు.

ఇంకో అనుమానం కూడా ఉంది. అలవాటు లేని ఒళ్లు గరుసు నేలలో వారం రోజులు గడ్డపార వేస్తే కండరాలు కొంత చితికి, అందులోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి వస్తుంది. అది కిడ్నీ గొట్టాల్లో అడ్డుపడుతుంది. మూత్రం టీ డికాషన్ రంగుకు మారడానికి అదొక కారణం. సీపీకే పరీక్ష అందుకే రాశాను.

మన దగ్గర ‘వేడి చేసింది’ అనే మాట ఒకటుంది. మూత్రం మండినా అదే, రంగు మారినా అదే, కళ్లు ఎర్రబడినా అదే. ఆ ఒక్క మాటతో జనం మూడు నాలుగు రోజులు గడిపేస్తారు. ఇరవై ఏళ్లుగా అనంతపురం, కడప ఎండల్లో పేషెంట్లను చూస్తున్నాను. మేలో నా దగ్గరికి ఆలస్యంగా వచ్చే కిడ్నీ కేసుల్లో సగం మంది నోట మొదట వచ్చేది ఆ మాటే. ఒక మేస్త్రీ గుర్తొస్తున్నాడు. నాలుగు రోజులు బార్లీ నీళ్లు తాగి, ఐదో రోజు వాంతులతో వచ్చాడు. ఏం మందులు వాడావయ్యా అంటే తుండు కొంగులో మడిచి పెట్టుకున్న అట్ట తీసి బల్ల మీద పెట్టాడు. పది నొప్పి మాత్రల అట్ట, ఒక్కటే మిగిలింది. అట్ట వెనక పేరు చెమటకు చెరిగిపోయింది. క్రియాటినిన్ ఆరు దాటింది. మూడుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. అతను కోలుకున్నాడు. అందరూ పూర్తిగా కోలుకోరు.

మీరు చదువుకున్నవారని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. బీపీ మాత్ర పేరు ఇంత స్పష్టంగా రాశారు. మెడికల్ షాపులో నొప్పి మాత్ర అడిగినప్పుడు ‘నాకు బీపీ ఉంది, ఈ మాత్ర వాడుతున్నా’ అని ఎందుకు చెప్పలేదు? ఆర్ఎంపీ సూది వేసేటప్పుడైనా చెప్పారా? ఆ సూది ఏమిటో మీకు తెలియదు కాబట్టి రాయలేదనుకుంటున్నా. అది కూడా డైక్లోఫెనాకే అయ్యుంటే ఆ రోజు మీకు మూడు డోసులు పడ్డట్టు. వెళ్లేటప్పుడు మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఖాళీ అట్టలు కూడా.

డాక్టరు చూసేదాకా ఆ నొప్పి మాత్ర ఇంకొకటి వేసుకోవద్దు. నొప్పి ఓర్చుకోలేకపోతే, లివర్ జబ్బు, మద్యం అలవాటు లేనివారికి పారాసిటమాల్ 500 మి.గ్రా. ఒక మాత్ర సాధారణంగా ఇబ్బంది పెట్టదు. ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. బీపీ మాత్ర విషయంలో సొంత నిర్ణయం వద్దు. మూత్రం తగ్గినప్పుడు దాన్ని రెండు మూడు రోజులు ఆపమని డాక్టరు చెప్పొచ్చు, మార్చొచ్చు. ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి.

కొబ్బరినీళ్లు మంచివని రోజూ నాలుగైదు బోండాలు తాగేవాళ్లుంటారు. పరీక్ష ఫలితం వచ్చేదాకా మీరు వాటి జోలికి వెళ్లకండి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ పనిచేయనప్పుడు అది రక్తంలో పేరుకుని గుండె లయ తప్పిస్తుంది. అరటిపళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఆసుపత్రికి వెళ్లేలోగా మామూలు నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఆయాసం, పాదాల వాపు ఉన్నా నీళ్లు కూడా అదేపనిగా తాగకుండా నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

పరీక్షలన్నీ బాగున్నాయని తేలాక, డాక్టరు సరేనంటే, మిగిలిన మూడు గుంతల సంగతి చూడొచ్చు. అప్పుడైనా 9 నుంచి 2 దాకా మాత్రం వద్దు. మనది దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం ఇక్కడ వార్తే కాదు. గాలి పొడిగా ఉండటంతో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. చొక్కా తడవలేదు కదా, పెద్దగా చెమట పోలేదులే అనుకుంటాం. అదే మోసం. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, సాయంత్రం ఐదు తర్వాత చేసుకోండి. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు గంట పనితో మొదలుపెట్టి రోజురోజుకూ పెంచాలి. కూలికి పోయేవాళ్లు ఎండలో చేయడం లేదా అంటారేమో. వాళ్ల ఒళ్లు ఏళ్ల తరబడి అలవాటు పడింది. అయినా వాళ్లూ పడిపోతున్నారు, మేం చూస్తున్నాం.

పనిలో ఉన్నంతసేపు దాహంతో పనిలేకుండా 15–20 నిమిషాలకోసారి గ్లాసు నీళ్లు. గంట దాటి చెమట పడితే ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలపండి, లీటరు ప్యాకెట్టును గ్లాసులో కలిపి తాగేవాళ్లను చూశాను. అట్టపెట్టెల్లో వచ్చే తీపి డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కాబట్టి రుచి చూసి కాదు, డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ, రాగి అంబలి కూడా మంచివే. బీపీ ఉన్నవారు ఉప్పు ఎంతన్నది తమ డాక్టరును అడిగి వేసుకోవాలి.

పనిలో ఉండగా ఎవరైనా తడబడి మాట్లాడినా, మనుషుల్ని గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు గుమ్మరిస్తూ గట్టిగా విసురుతూ 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర వేయకండి, వడదెబ్బ వేడి దానికి తగ్గదు.

అరచేతి పేడు గురించి. ఐదు రోజులకు వాపు ఉందంటే లోపల ముక్క మిగిలి ఉండొచ్చు. పిన్నీసుతో కెలకొద్దు, సున్నం–పసుపు పెట్టొద్దు. చెక్క ముక్క ఎక్స్‌రేలో సాధారణంగా కనపడదు, అల్ట్రాసౌండ్‌లో దొరుకుతుంది. ఎక్స్‌రే తీసి ఏమీ లేదన్నారని ఊరుకోకండి. వేలు చాచితే నొప్పిగా ఉన్నా, ఎర్రటి గీత మణికట్టు వైపు పాకినా సర్జన్‌కు చూపించండి. మట్టి తగిలిన గాయం కాబట్టి, చివరి టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే ఇప్పుడు టీడీ సూది (ధనుర్వాతం రాకుండా టీటీ బదులు వేసేది) వేయించుకోవాలి. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే ఆ మాటే డాక్టరుకు చెప్పండి. వెళ్తున్నది అదే ఆసుపత్రికి కాబట్టి ఇదీ ఒకేసారి అయిపోతుంది.

ఇక మీరు అడిగింది. కాలిన ఇంజిన్ ఆయిల్ పూయకండి. అందులో క్యాన్సర్ కారకాలైన పదార్థాలు, లోహాల మడ్డి ఉంటాయి. పాప గుంజను పట్టుకుంటుంది, అదే చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది. చెదల మందు కొడదామనుకుంటారేమో, క్లోర్‌పైరిఫాస్ లాంటివి పురుగుమందులే. చెమట పట్టిన చర్మం వాటిని ఇంకా తొందరగా పీల్చుకుంటుంది. ఒట్టి చేత్తో కలపొద్దు, నీళ్ల సీసాల్లో పోసి ఉంచొద్దు. తెలిసినవాళ్లతో కొట్టించి, ఆ రెండు రోజులు పాపను అటు పోనీయకండి. మందు పట్టించిన చెక్క ముక్కలు మిగిలితే నీళ్లు కాచుకునే పొయ్యిలో పెట్టకండి, ఆ పొగ మంచిది కాదు. ఏ కర్ర మేలో మీ వడ్రంగి చెప్తారు, అది నా పని కాదు. చెక్క కోసేటప్పుడు, రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. కంట్లో పేడు పడితే మెడికల్ షాపు చుక్కల మందు వేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉండి, పడిన ముక్కతో ఫంగస్ వచ్చి ఉంటే నల్లగుడ్డు పుండు పడుతుంది.

మీ బావమరిది కూడా అవే మాత్రలు మింగుతూ అదే ఎండలో తవ్వుతున్నారు. ఆయన వయసు, బీపీ, షుగరు మీరు రాయలేదు. మూత్రం ఎలా వస్తోందో ఇప్పుడే ఆయన్ని అడగండి. ఏమీ లేదన్నా సరే, మీతోపాటు ఆసుపత్రికి తీసుకెళ్లి ఆయనకూ క్రియాటినిన్ చేయించండి.